తాబేలను మాట ఒక్కటే, నెలవులు వేరు

మొన్నటి వేసవి సెలవులలో తుళ్లూరులో ఒక విద్యార్థి గాజుతొట్టి పట్టుకొని నాయొద్దకు వచ్చెను. అందులో అరచేతి వెడల్పు తాబేలొకటి, కన్నుల వెనుక ఎఱ్ఱని చారలతో, గోళ్లతో గాజును గీరుచుండెను.

"మాస్టారూ, కొన్నప్పుడు రూపాయి బిళ్లంత ఉండేదండీ. ఇప్పుడు తొట్టి చాలడం లేదు. అమ్మేమో కృష్ణలో వదిలి రమ్మంటోంది. పుణ్యమే కదండీ?"

ప్రశ్న చిన్నదే గాని, సమాధానము చెప్పుటకు ముందు మన భాషలోని యొక కొఱతను ఒప్పుకొనవలసి వచ్చినది. కూర్మము, కమఠము, కచ్ఛపమని పర్యాయపదము లెన్ని వల్లించినను, మెట్టపై బ్రతుకుదానికిని నీటిలో బ్రతుకుదానికిని వాడుకలో మనకు తాబేలను మాట యొక్కటే. కావుననే నక్షత్రపు తాబేటిని కొని తెచ్చి తొట్టెడు నీటిలో వేయు పెద్దమనుష్యులు కనబడుచుందురు. అది మెట్టప్రాణి. లోతునీట వేసినచో మునిగి చచ్చును. పుణ్యమునకై నదిలో వదలినను అంతే.

నల్లని డిప్పపై పసుపు గీతలు నక్షత్రములవలె విచ్చుకొను ఈ జాతికి నెలవు రాయలసీమ, తమిళనాడు, గుజరాతు, రాజస్థానముల ముళ్లపొదల మెట్టలు, సింహళము. ఎండుగడ్డిలో దానిని మఱుగుపఱచునవి ఆ గీతలే. మనుష్యుని కంటబడి చేటు తెచ్చినవియు అవియే. ఇంటనున్న ధనము వచ్చునను నమ్మక మొకవైపు, విదేశీయుల మోజు మఱొకవైపు. ఆంధ్ర కర్ణాటక సరిహద్దునందలి ఒక్క వ్యాపారకేంద్రము నుండియే యేడాదికి 55,000కు తక్కువ గాకుండ తరలిపోవుచున్నవని 2015లో వెలువడిన పరిశోధన తేల్చినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని పట్టుటను, అమ్ముటను నిషేధించినది. 2019లో అంతర్జాతీయ వర్తకమునకును అడ్డుకట్ట పడినది. శ్రీకూర్మములో దేవుడై పూజలందుకొను ప్రాణిని సంచిలో మూటగట్టుటకు మనవారికి చేతులెట్లు వచ్చునో!

ఇక బాలుని తొట్టిలోనిది మన దేశపుదే కాదు. అమెరికాలోని మిసిసిపీ నదీలోయ దాని పుట్టినిల్లు. మెల్లగా పాఱు నీరు, నాచు, ఎండ కాగుటకొక దుంగ, ఇవి దాని భోగములు. పళ్లెమంత పెరుగును, ముప్పది యేండ్లు బ్రతుకగలదు. దుకాణదారుడు ఈ రెండును చెప్పడు. పిల్లలకు జ్వరవిరేచనములు తెచ్చు సాల్మొనెల్లా సూక్ష్మజీవి దానితో వచ్చుచున్నదని, నాలుగంగుళములకు తక్కువైన తాబేళ్ల అమ్మకమును అమెరికా 1975లోనే నిషేధించినది. ఐరోపా 1997లో దిగుమతి నాపినది. 2018లో కేరళమున త్రిసూరు కాలువలోను ఈ ఎఱ్ఱచెవి తాబేలు దొరకినది. దానిని వదలినవారు దుర్మార్గులై యుండరు, ఈ బాలుని తల్లివలె జాలిగుండె గలవారే యై యుందురు.

ఆ జాలికి బలియగునది మన తాబేలు. వెనుకకాళ్లపై మూతలవంటి రేకులు గల చెరువు తాబేటిని మా తరమువారు ఎఱుగుదురు. చెరువెండినపుడు బురదలో దాగి, తొలకరికి వెలికి వచ్చును. కృష్ణలో మెత్తని డిప్ప గల లీత్ తాబేలు కలదు. 2022లో పనామా మహాసభ దానిని వర్తకనిషిద్ధ జాతులలో చేర్చినది. 2015 నుండి ఈ ప్రాంతమున రాజధాని పేర పైరునేలలు వీధులగుచున్నవి. స్వదేశి ప్రాణి నెలవే ముడుచుకొనుచున్న వేళ, మేతకును ఎండకాగు చోటికిని పోటీగా పరదేశిని దింపుట ధర్మము కాదు. ఉద్యానములకు పటములు గీయువారు ఒకటి రెండు పాత చెరువులను బురదగట్లతో సహా ఉన్నవి ఉన్నట్లు వదలినచో, మా పిల్లలకు అంతకు మించిన జంతుశాస్త్ర పాఠమక్కఱలేదు. నున్నని రాతిగట్టుపై ఏ తాబేలును గ్రుడ్లు పెట్టలేదు గదా!

బాలునితో వదలవద్దంటిని. పెరటిలో సిమెంటు కుండీ కట్టించి, సగము నీరు, ఎండ తగులునట్లొక రాయి అమర్చుమని, ముట్టినప్పుడెల్ల సబ్బుతో చేతులు కడుగుకొనుమని చెప్పితిని.

"ఎన్నాళ్లు పెంచాలండీ?"

"ఇంకొక పాతికేళ్లు."

వాడు వ్రేళ్లు మడిచి లెక్క చూచుకొనెను. "అప్పటికి నాకు నలభై వస్తాయండీ" అనెను.