బొగ్గు మాది, రెక్కలు నగరమువా?

విమానములు రాజధానుల యలంకారములని తలంచువారు మన రాష్ట్రమున నింకను కలరు. అట్టివారికి దక్కను ఎయిర్‌వేసు చరిత్రను జ్ఞాపకము చేయుట మా విధి.

ఆ సంస్థ యే ధనికుని వినోదమునకును పుట్టినది కాదు. నిజాం స్టేటు రైల్వే 1932 నుండి రైళ్లతోపాటు బస్సులను నడిపెను. పిమ్మట విమానశాఖను నెలకొల్పెను. ఆ పునాదిపైననే 1945లో నిజాం ప్రభుత్వము, టాటావారు కలిసి దక్కను ఎయిర్‌వేసును స్థాపించిరి. హైదరాబాదులోని బేగంపేట దాని నివాసము. డకోటాలు దాని వాహనములు. స్త్రీ యను కారణమున నితర కంపెనీలు త్రోసిపుచ్చిన ప్రేమ్ మాథుర్‌కు విమానము నడుపు నుద్యోగ మిచ్చిన ఖ్యాతి దానిదే. 1953 ఆగస్టు 1న మరి యేడు కంపెనీలతో కూడ నది ఇండియన్ ఎయిర్‌లైన్సులో లీనమయ్యెను.

ఇందు గమనింపదగిన దొకటి కలదు. రైల్వే లేనిదే యా విమానము లేదు. బొగ్గు లేనిదే యా రైల్వే లేదు. ఎల్లందు, బెల్లంపల్లి కార్మికులు భూగర్భమున చెమటోడ్చి తీసిన బొగ్గు రైలింజనులను నడిపినది. రెక్కలు మాత్రము నగరమునకు దక్కినవి. కంపెనీ జాతిసొత్తయ్యెను. జాతి యనగా నగరమేనా?

నేడును స్థితి మారలేదు. శ్రీరాంపూరు గనుల బొగ్గు 1200 మెగావాట్ల జైపూరు విద్యుత్కేంద్రమున మండి నగరపు దీపములను వెలిగించుచున్నది. విమాన మడిగినచో, శంషాబాదు విమానాశ్రయపు 2004 నాటి యొప్పందమును చూపుదురు. 150 కిలోమీటర్ల లోపల మరొక విమానాశ్రయము కూడదట! ఆ హద్దులోపలి వరంగల్లు మామునూరుకే 2025లో కేంద్రము అనుమతి నిచ్చెను. గగనమార్గమున నించుమించు 200 కిలోమీటర్ల దూరమున నున్న మాకు ఆ నిబంధన యెట్లు వర్తించును?

గనికార్మికుడు విమాన మెక్కునా యని పరిహసించువారికి మా ప్రత్యుత్తర మిది. ఈ జిల్లాల పేద యువకులు గల్ఫు దేశములకు విమానములలోనే పోవుచున్నారు. అంతకుముందు రాత్రి యంతయు బస్సులలో జాగరణ చేయుచున్నారు. గనిప్రమాదమున గాయపడినవానికి గడియలే ప్రాణములు కావా?

చిన్న పట్టణములకు విమానయోగము కలిగింతుమని 2016లో కేంద్రము ఉడాను పథకమును ప్రకటించెను. సిమెంటు కర్మాగారమునకై వేసిన బసంత్‌నగర్ పాత రన్‌వే మనకు సమీపముననే కలదు. అది తగునా, మరొక స్థలము తగునా యనునది నిపుణులు తేల్తురు గాక. స్థలనిర్ణయ మను నెపమున నేండ్లు గడపుటను మాత్రము మేము సహింపజాలము.

పఠనమందిరములలో నీ పంక్తులను చదువు సోదరులారా! సభలు చేయుడు, తీర్మానములు పంపుడు. మన మడుగునది భిక్ష కాదు, బాకీ.