చేతి పనికి కూలి ఎంత?

పోయిన సంచికలో ఫిక్సెడ్ డిపాజిట్ల గురించి రాశాక నాకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా డిపాజిట్ల ఊసే లేదు. "ఇంట్లోనే కూర్చుని చేతిపని చేసి అమ్ముకుంటున్నాం. బ్యాంకులో మాకు అప్పు పుడుతుందా?" అన్నదే వాటి సారాంశం. రాసినవారిలో తంజావూరు చిత్రాలు వేసేవారున్నారు, కొలువు బొమ్మలకు రంగులద్దేవారున్నారు, జనపనార సంచులు కుట్టేవారున్నారు, సిల్కు దారంతో గాజులు చుట్టేవారున్నారు. చెన్నైవారూ ఉన్నారు, బెంగళూరు, షోలాపూరు, బరంపురం వారూ ఉన్నారు. ఊళ్లు వేరైనా బాధ ఒకటే. మన పెద్దలు ఎప్పుడో చెప్పి పెట్టారు కదా, దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదని!

అప్పు సంగతి చివర్లో చెబుతాను. అంతకన్నా ముందు తేల్చుకోవలసింది ఒకటుంది. మీరు చేసే వస్తువుకు మీరు చెప్పే ధర సరైనదేనా? ఏళ్ల తరబడి అప్పుల దరఖాస్తులు చూసిన అనుభవంతో చెబుతున్నాను. ఇంటి దగ్గర చేతిపని చేసేవారిలో చాలామందికి సరుకు అమ్ముడుపోతూనే ఉంటుంది. ఆ అమ్మకంలోనే తెలియకుండా నష్టం ఉంటుంది.

తంజావూరు చిత్రాన్నే ఉదాహరణగా తీసుకుందాం. ఈ కళ మనకు పరాయిది కాదు. తంజావూరు, తిరుచ్చి ప్రాంతాల రాజు కులస్థులు, మదురై నాయుళ్లు వంశపారంపర్యంగా ఈ చిత్రాలు వేసేవారనీ, వారి ఇంటిభాష తెలుగేననీ కళాచరిత్రకారులు రాశారు. నాయకరాజుల తరువాత మరాఠా ప్రభువుల కాలంలో, ముఖ్యంగా రెండవ శరభోజి (1798-1832) పాలనలో ఈ కళకు మంచి ఆదరణ దొరికింది. 2007-08లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఇవాళ చెన్నైలో ఎన్నో ఇళ్లలో గృహిణులు దీన్ని నేర్చుకుని, పూజగదులకూ పెళ్లి కానుకలకూ వేసి ఇస్తున్నారు.

చిత్రం గోడమీద చూసేవారికి కృష్ణుడూ బంగారమూ కనిపిస్తాయి కాని, దాని వెనక పని కనిపించదు. ముందు పలక మీద గుడ్డ అంటించాలి. పూర్వం పనస చెక్క, టేకు చెక్క వాడేవారు, ఇప్పుడు ఎక్కువగా ప్లైవుడ్డే. గుడ్డ మీద సుద్దపొడి, జిగురు కలిపి పూత వేయాలి. ఆరాక నునుపు చేసి, బొమ్మ గీసి, రాళ్లు పొదగాలి. నగలు, కిరీటం, స్తంభాలు ఉబ్బెత్తుగా రావడానికి సుద్దముద్దను సన్నగా దిద్దాలి. అది ఆరాక బంగారు రేకు అంటించి, ప్రతి రాయి మీదా రేకును జాగ్రత్తగా తొలగించాలి. ఆ తరువాతే రంగులు. ఒక్కొక్క దశలో ఆరడానికి ఆగాలి కనుక పని రోజుల తరబడి సాగుతుంది. వంట, పిల్లల చదువులు, పెద్దవాళ్ల మందులు, వీటన్నిటి మధ్య దొరికిన గంటల్లోనే ఇదంతా జరగాలి.

ఆ మధ్య ఒకావిడ ఇలాంటి చిత్రాల కోసం యాభై వేలు అప్పు కావాలని కూతుర్ని వెంటబెట్టుకుని మా శాఖకు వచ్చారు. బంగారు రేకు ఒకేసారి ఎక్కువ కొని పెట్టుకుంటే మంచిదని ఆవిడ ఆలోచన.

"ఒక్కో చిత్రం మీద ఎంత మిగులుతుందమ్మా?" అని అడిగాను.

"ఎనిమిది వేలకు ఇస్తానండీ. సరుకుకు ఐదున్నర వేలవుతుంది. రెండున్నర వేలు మిగులుతుంది" అన్నారు తడుముకోకుండా.

కాగితం తీసుకుని ముగ్గురం లెక్క కట్టాం. పలక, గుడ్డ, జిగురు, సుద్ద కలిపి 400 రూపాయలు, రాళ్లు 500, రంగులు 100, బంగారు రేకు 3,000, టేకు ఫ్రేము 1,500. మొత్తం 5,500. ఆవిడ చెప్పింది సరిగ్గానే ఉంది. మరి పని ఎంతసేపు? రోజుకు నాలుగు గంటల చొప్పున పది రోజులు, అంటే నలభై గంటలు. రెండున్నర వేలను నలభైతో భాగిస్తే గంటకు అరవై రెండున్నర రూపాయలు.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. రేకు ఎప్పుడు కొన్నారని అడిగాను. కిందటేడు కొన్నదట. 2024, 2025 సంవత్సరాల్లో బంగారం ధర ఎలా పరుగెత్తిందో మీకు నేను చెప్పనక్కరలేదు. అదే రేకు మళ్లీ కొనాలంటే ఎంత అంటే, నాలుగున్నర వేలన్నారు. అంటే ఈ చిత్రం అమ్మగా వచ్చిన డబ్బులోంచి ఇంకో పదిహేను వందలు పెడితేగాని రెండో చిత్రానికి రేకు రాదు. ఫ్రేము కట్టించి తేవడానికి ఆటో ఖర్చు 150. ప్రదర్శనలో స్టాలు అద్దెలో ఒక్కో చిత్రానికి పడే వాటా 250. ఇవన్నీ తీసేస్తే మిగిలింది 600 రూపాయలు. నలభై గంటలకు ఆరు వందలు, అంటే గంటకు పదిహేను!

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. పక్కనున్న అమ్మాయి మాత్రం, "ఆటో అతనికి ఇచ్చిన నూటయాభై, నీ పది గంటల కూలి అమ్మా" అంది.

ఆ అమ్మాయి తల్లి దగ్గర పని నేర్చుకుంది. తల్లికన్నా బాగా గీస్తుందట. కాని డిగ్రీ అవగానే ఆఫీసు ఉద్యోగంలో చేరింది, కుంచె ముట్టుకోవడం మానేసింది. పిల్లలకు కళల మీద శ్రద్ధ తగ్గిపోయిందని మనం సభల్లో వాపోతాం. గంటకు పదిహేను రూపాయలిచ్చే పనిని పట్టుకుని కూర్చోమని ఏ పిల్లకు చెప్పగలం? కూలి గిట్టని పని ఒక తరం వరకు ఇష్టంతో నడుస్తుంది. రెండో తరానికి వచ్చేసరికి ఆగిపోతుంది.

మరి సరైన ధర ఎంత? కామర్సు చదివినవారికి ఇది మొదటి ఏడాది పాఠమే. సరుకును కొన్న ధరకు కాకుండా, మళ్లీ కొనబోయే ధరకు లెక్క కట్టాలి. ఆవిడ విషయంలో అది 7,000. పై ఖర్చులు 400. గంటకు కనీసం వంద రూపాయలు వేసుకున్నా నలభై గంటల కూలి 4,000. మొత్తం 11,400. రాయి ఊడినా, పలక వంకరపోయినా, కుంచెలు అరిగిపోయినా తట్టుకోవడానికి నూటికి పది చొప్పున ఇంకో 1,140 కలపాలి. వెరసి 12,540. దుకాణంలో పెట్టి అమ్మితే దుకాణదారు కమీషను దీనిపైన. ఈ అంకెలు ఆవిడవి. మీ ఊళ్లో, మీ పనిలో అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే.

"పన్నెండున్నర వేలంటే ఎవరు కొంటారండీ?" అని ఆవిడ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కొందరు కొనరు. ఐదుగురు అడిగితే ముగ్గురు వెనక్కి పోయారనుకుందాం. పాత ధరకు ఐదు చిత్రాలూ వేస్తే రెండు వందల గంటలకు ఆవిడకు దక్కేది 3,000. కొత్త ధరకు రెండే వేస్తే ఎనభై గంటలకు కూలి 8,000 దక్కుతుంది, నూటికి పది చొప్పున వేసుకున్నది 2,280 చేతిలో ఉంటుంది. మిగిలిన నూట ఇరవై గంటల్లో చిన్న చిత్రాలు వేసుకోవచ్చు, నలుగురికి నేర్పవచ్చు, నడుం వాల్చనూ వచ్చు. అది కూడా సంపాదనే.

అంత పెట్టలేనివారికి పెద్ద చిత్రం ధర తగ్గించి ఇవ్వడంకన్నా చిన్న చిత్రం, తక్కువ రేకుతో వేసి ఇవ్వడం మంచిది. బజారులో బంగారు రంగు కాగితం అంటించిన చిత్రాలు చవకగా దొరుకుతాయి, వాటితో పోటీ పెట్టుకోకూడదు. మీరు వాడింది 22 క్యారట్ల రేకు అయితే ఆ మాట బిల్లు మీద రాసి సంతకం పెట్టండి, రేకు కొన్న రసీదు దాచండి. కొనేవారికి తేడా తెలియాలి కదా. ఆర్డరుకు సగం సొమ్ము అడ్వాన్సు తీసుకోకుండా రేకు కొనకండి. అడగందే అమ్మయినా పెట్టదు.

ఇక మనలో మనం చెప్పుకోవలసిన మాట. చేతిపని చేసేవారిని ఎక్కువగా బేరమాడేది ఎవరనుకుంటున్నారు? బయటివారు కాదు, మనమే. "మనవాళ్లే కదా, ఓ రెండు వేలు తగ్గించవే" అని పిన్ని అడుగుతుంది. "తీరిగ్గా ఇంట్లోనే ఉంటావు కదా" అని వదిన అంటుంది. సంఘం వార్షికోత్సవానికి జ్ఞాపికలు కావాలంటే సభ్యురాలి చేత సరుకు ఖర్చులకే చేయిస్తాం, వేదిక మీద పిలిచి శాలువా కప్పుతాం. అదే సభకు కుర్చీలు వేసినవారికి మాత్రం అడిగినంతా ఇస్తాం. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న సామెత ఊరికే పుట్టలేదు. భర్తలకు కూడా ఒక మనవి. ఎవరైనా అడిగితే "మా ఆవిడ కాలక్షేపానికి చేస్తుందండీ" అనకండి. ఆ ఒక్క మాటతో చిత్రం ధర సగానికి పడిపోతుంది.

లెక్కలకు పెద్ద చదువు అక్కరలేదు. ఒక నోటుపుస్తకం చాలు. ఒక్కో వస్తువుకు ఒక్కో పేజీ కేటాయించి, సరుకు, పై ఖర్చులు, గంటలు రాయండి. కూర్చున్నప్పుడు గడియారం చూసి రాయండి, లేచినప్పుడు మళ్లీ రాయండి. నెల తిరిగేసరికి మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఇంటి ఖాతాలో కలపకుండా మీ పేరున వేరే సేవింగ్స్ ఖాతా తెరిచి, అమ్మకం సొమ్ము అంతా అందులోకే రానివ్వండి. ఫోను ద్వారా డబ్బు పంపేవారికి కూడా ఆ ఖాతాకే కలిపిన క్యూఆర్ కోడ్ ఇవ్వండి. నెలకొకసారి మీ కూలి మీరు అందులోంచి తీసుకోండి. పాలవాడి బాకీ దాంతో తీర్చినా సరే, కూలి అని రాసి తీసుకోండి. రేపు అప్పు కావాలంటే బ్యాంకు చూసేది ఆ ఖాతానే.

ఇప్పుడు అప్పు సంగతి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ 2020 జూలై 1 నుంచి ఉంది, రుసుము ఏమీ లేదు. డబ్బు తీసుకుని చేసిపెడతామనేవారిని నమ్మవద్దు. 2015లో మొదలైన ముద్ర పథకంలో "శిశు" తరగతి కింద యాభై వేల వరకు పూచీ లేకుండా అప్పు దొరుకుతుంది. 2023 సెప్టెంబరులో మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో నూటికి ఐదు వడ్డీతో మొదట లక్ష, అది తీర్చాక రెండు లక్షల వరకు ఇస్తారు. కాని అది 18 వృత్తులకే వర్తిస్తుంది. సంప్రదాయ బొమ్మలు చేసేవారు, బుట్టలు, చాపలు అల్లేవారు, పూలమాలలు కట్టేవారు, కుట్టుపనివారు అందులో ఉన్నారు. చిత్రాలు వేసేవారు లేరు. కుటుంబంలో ఒక్కరికే అవకాశం ఉంటుంది.

జి.ఎస్.టి. గురించి కొందరు భయపడుతూ రాశారు. చాలా రాష్ట్రాల్లో, సొంత రాష్ట్రంలోనే సరుకు అమ్మేవారికి ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటే వరకు రిజిస్ట్రేషన్ అవసరం లేదు. యానాం పాఠకులు గమనించాలి, పుదుచ్చేరిలో ఈ పరిమితి 20 లక్షలే. పక్క రాష్ట్రానికి పంపడానికి నిబంధనలు వేరు. చేతికళా వస్తువులకు కొన్ని మినహాయింపులున్నాయి, ఒకసారి ఆడిటరును అడిగి పంపండి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ధర తప్పుగా ఉన్నప్పుడు అప్పు తెస్తే మేలు జరగదు. గంటకు పదిహేను రూపాయలు మిగిలే పనికి యాభై వేలు తెచ్చి పెడితే, వడ్డీ కట్టాక ఆ పదిహేను కూడా మిగలవు. అందుకే ఆవిడకు ఆరోజు అప్పు దరఖాస్తు ఇవ్వలేదు, నోటుపుస్తకం కొనుక్కోమని చెప్పి పంపాను. ఆరు నెలల తరువాత ఆ పుస్తకం పట్టుకునే వచ్చారు. ధర పెంచారు. కొన్ని ఆర్డర్లు పోయాయి, కొన్ని నిలిచాయి. ఖాతాలో ఆరు నెలల జమలు చూసి అప్పు మంజూరు చేశాం, అదీ ఆవిడ మొదట అడిగినదానిలో సగమే. ఇంతకన్నా వద్దని ఆవిడే అన్నారు. అమ్మాయి ఆదివారాలు రాళ్లు పొదిగిపెడుతోందట. ఆ గంటలు వేరే పేజీలో రాస్తున్నారు, ఆ కూలి అమ్మాయి ఖాతాకే పోతోంది.

మీలో చేతిపని చేసేవారు ఈ మూడు నెలల్లో కనీసం ఒక్క వస్తువుకైనా పైన చెప్పిన పద్ధతిలో లెక్క కట్టి, ఆ కాగితం సంపాదకుల చిరునామాకు పంపండి. పేర్లు లేకుండా కొన్నింటిని ఇక్కడే పరిశీలిద్దాం. వచ్చే సంచికలో, చాలామంది అడుగుతున్న నామినేషన్ల గురించి రాస్తాను. సెలవు.