తూము ఎవరి మీదికి తెరిచారు?

"మావి చిన్న కంపెనీలు, మురికినీళ్లు బాగుచేసే యంత్రాలు కొనే తాహతు మాకేడిది?" అంటారు యజమానులు. ఆఫీసర్లు తలూపుతారు. మేం ఊపం. తాహతు సంగతి తర్వాత. ఆ కంపెనీ ఎక్కడుంది, దాని తూము ఎవరి మీదికి తెరిచారు, ముందది చెప్పండి.

తమిళనాడులో తిరుప్పూర్ చూడండి. బట్టలకు రంగులద్దే యూనిట్లు వందల్లో ఉన్నాయి, చాలావరకు చిన్నవే. రంగునీళ్లు, ఉప్పునీళ్లు ఏళ్ల తరబడి నొయ్యల్ ఏట్లోకే వదిలారు. కింద ఒరత్తుపాళయం డ్యామ్ విషపు గుంటయింది. అప్పుడూ ఇదే పాట, తాహతు లేదని! ఏటి కింద ఆయకట్టు రైతులు సంఘం కట్టి కోర్టుకెక్కారు. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు యూనిట్లు మూయమంది. తాళం పడ్డాక తాహతు వచ్చింది. ఒక్కచోట ఉన్నారు గనక ఖర్చు పంచుకున్నారు, సర్కారు అప్పిచ్చింది. వాడిన నీళ్లు వడగట్టి మళ్లీ రంగుతొట్లకే తిప్పుతున్నారు, ఉప్పు కూడా తిరిగి తీస్తున్నారు. దొంగచాటుగా వదిలేవాళ్లు అక్కడా ఉన్నారు, కాదనం.

మరి మన పటాన్‌చెరు? ఇక్కడా కంపెనీలు ఒక్కచోటే. జనం ఊరుకోలేదు, 1990లోనే కేసు సుప్రీంకోర్టుకు పోయింది. ఉమ్మడి ప్లాంటూ వచ్చింది. సుమారు 90 మందుల కంపెనీల నీళ్లు దాంట్లోకే. ఆ ప్లాంటులో 'శుద్ధి' అయి బయటికొచ్చిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో అచ్చేశారు. ఆ మందు మింగిన రోగి నెత్తుట్లో కూడా అంత ఉండదు! అవి నక్కవాగులో పడి మంజీర దారి పట్టిన నీళ్లు. తర్వాత ఏం చేశారు? పైపు వేసి అంబర్‌పేట వైపు, మూసీకి మళ్లించారు. అక్కడ నీళ్లు తిరిగి కంపెనీలోకే పోతే, ఇక్కడ ఒకరి గడప మీంచి ఇంకొకరి గడప మీదికి పోయాయి.

అన్నలారా, అక్కలారా, ఇది మనకు కొత్తా? ఊరి మురుగు పారే దిక్కునే కదా మన వాడ పెట్టింది! అది మన మీదికి పారినన్నాళ్లు పైవాడికి కాలువ తవ్వే బుద్ధి పుట్టలేదు. కంపెనీవాడూ అంతే. కిందున్నోడికి ఆయకట్టు భూమి, వకీలు ఫీజు ఉంటే కొత్త యంత్రం వస్తుంది. అసైన్డు ఎకరం, కూలి చేతులే ఉంటే పైపు వస్తుంది.

ఇంకో మోసం వినండి. ముందే అనుమతి ఉన్న పారిశ్రామికవాడలో పెట్టే యూనిట్లకు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదని 2006 పర్యావరణ నోటిఫికేషన్‌లోనే మినహాయింపు పెట్టారు. కాబట్టి కంపెనీ వచ్చాక అడుగుదాంలే అనుకోకండి. సర్వేవాళ్లు గొలుసు పట్టుకుని దిగినరోజే వాడ వాడంతా పోయి నిలబడండి. తూము ఎటు? వాడిన నీళ్లు వాడినచోటికే తిప్పుతామని రాసిస్తారా? రాసిచ్చేదాకా హద్దురాళ్లు పాతనియ్యొద్దు.