నీతికి పునాది యేది?

దైవభీతి లేనివానికి నీతి యుండదని ఆస్తికులును, స్వర్గాశతో చేయు ధర్మము వర్తకమే గాని ధర్మము గాదని నాస్తికులును చిరకాలముగా వాదించుచున్నారు. ఇది పండితుల కాలక్షేపము మాత్రమే కాదు. బెల్లంపల్లి మొదలు గోదావరిఖని వరకు గల మన బొగ్గుప్రాంతమున, మైసమ్మకు మ్రొక్కి బాయిలో దిగువాడును, ఎర్రజెండాకు తప్ప దేనికిని తలవంచనివాడును ఒకే కప్పు క్రింద పని చేయుదురు. ఆ కప్పు కూలినపుడు ఒకని ప్రాణము రెండవవాని చేతిలో నుండును. కావున ప్రక్కవాని నీతి దేనిపై నిలిచినదో విచారించుట మనకు అవసరము.

న్యాయస్థానమున సాక్షిని మతమును బట్టి తూచరు. ఈ వ్యాజ్యమునకును అదే పద్ధతి తగియున్నది.

మొదటి సాక్షి కందుకూరి వీరేశలింగము పంతులుగారు. వారు దృఢమైన ఆస్తికులు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించి సంఘబహిష్కారమునకు గురియైరి. అయితే వారిని వెలివేసినవారును ఆస్తికులే యని మరువరాదు.

రెండవ సాక్షి గోరా యని ప్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు. నాస్తికత్వమును బాహాటముగ ప్రకటించినందున 1933లో కాకినాడ కళాశాలలోని కొలువును కోల్పోయిరి. 1940లో కృష్ణా జిల్లా ముదునూరున నాస్తిక కేంద్రమును స్థాపించి అస్పృశ్యతపై పోరాడిరి. తమ పెద్ద కుమార్తెను అస్పృశ్యులనబడిన కులమున పుట్టిన యువకునకిచ్చుటకు నిశ్చయింపగా, పరమ ఆస్తికులగు గాంధీమహాత్ములు ఆ వివాహమును సేవాగ్రామమున జరిపింప నంగీకరించిరి. వివాహవిధిలో దేవుని నామమునకు బదులు సత్యమును నిలుపుటకును సమ్మతించిరి. 1948 జనవరి 30న మహాత్ములు హతులైనను, ఆ యేడే సేవాగ్రామమున వివాహము జరిగెను. దైవమే సత్యమనుచుండిన మహాత్ములు 1931 నాటికే సత్యమే దైవమని చెప్పియుండిరి. సత్యమును నాస్తికుడు సైతము కాదనడు గదా!

ఈ సాక్ష్యమువలన తేలునదేమి? దైవవిశ్వాసము ఆపత్కాలమున బహుజనులకు ధైర్యమొసగుననుట నిజమే. కాని అదే విశ్వాసము అంటరానితనమును తరతరములు సహించినది. నాస్తికత్వము ఆ సంకెలను త్రెంపగలదు. కాని సంకెల తెగినంత మాత్రమున చేయి పరోపకారమునకు సాగదు. ఆస్తికునికి పుణ్యపు పద్దు శత్రువు. నాస్తికునికి కీర్తికాంక్ష శత్రువు. హుండీలో వేసిన రూపాయికి పరలోకమున వడ్డీ కోరువాడును, చేసిన సేవకు శిలాఫలకముపై పేరు కోరువాడును వర్తకులే. ఫలాపేక్షను విడువుమని భగవద్గీతయే బోధించుచుండగా, ఆస్తికుడు నాస్తికునికంటె అధికుడనని గర్వించుటకు తావెక్కడ?

కావున మా తీర్పు స్పష్టము. నిస్స్వార్థనీతి విశ్వాసమునందును లేదు, అవిశ్వాసమునందును లేదు. తనకు నష్టము కలిగినను, తిరిగి ఏమియు నీయజాలనివానికొఱకు నిలబడుటయందున్నది. గనిలో మరణించిన కార్మికుని భార్యకు రావలసిన సొమ్ముకై అర్జీ వ్రాసియిచ్చి, కచేరిచుట్టు ఆమెతో తిరుగువాడు దేవుని నమ్మునో నమ్మడో ఆమె యడుగదు. యువకులారా! మీ పక్షము గెలువవలెనని యున్నచో, వేదికలపై గాక అట్టి గడపలయొద్ద పోటీపడుడు. ఆ పోటీలో ఎవరు గెలిచినను దేశమునకు లాభమే.