బోర్డు కొనకముందే దీపం వెలిగించండి

పిల్లలు ఆర్డువినో బోర్డు కొనిపెట్టమంటున్నారు, అదేమిటో, కొంటే నాలుగు రోజుల్లో కాల్చేస్తారేమో అని సంఘం సమావేశాల్లో తల్లిదండ్రులు నన్ను అడుగుతూ ఉంటారు. నేను చదివింది బి.కాం., చేసేది బ్యాంకు ఉద్యోగం. అయినా హోసూరులో ఉన్న మా మేనకోడలి పుణ్యమా అని ఈ వ్యవహారంలో వేలు పెట్టాను కనుక జవాబు చెబుతున్నాను. ముందు బోర్డు కొనకండి. కంప్యూటర్లోకి సిమ్యులేటర్ దింపుకోండి.

మైక్రోకంట్రోలర్ అంటే ఒకే చిప్పులో ఇమిడిన బుల్లి కంప్యూటరు. మన వాషింగ్ మెషీన్లో, టీవీ రిమోట్లో ఉండేది ఇదే. ఆర్డువినో ఉనో బోర్డు మీది చిప్పులో ప్రోగ్రాము దాచుకునే చోటు 32 కిలోబైట్లు, లెక్కలు చేసుకునే చోటు 2 కిలోబైట్లు. సెల్‌ఫోనులో తీసిన ఒక్క ఫోటో కూడా పట్టదు! అయినా దీపాలూ చిన్న మోటార్లూ ఆడించడానికి అది చాలు. అన్నట్టు, ఆర్డువినో 2005లో ఇటలీలోని ఇవ్రియా ఊళ్ళో పుట్టింది. ఇంజనీర్ల కోసం కాదు, డిజైను చదివే విద్యార్థుల కోసం. నాలాంటి కామర్స్ వాడికి కొరుకుడు పడడానికి కారణం అదే కావచ్చు.

బ్యాంకులో కొత్త సాఫ్ట్‌వేర్ వస్తే ముందు ఉత్తుత్తి ఖాతాల మీద చెయ్యి తిప్పుకుంటాం, ఖాతాదారు డబ్బు మీద కాదు. సిమ్యులేటరూ అంతే. మేము వాడేది సిమ్యుల్‌ఐడిఇ. ఓపెన్ సోర్సు, అంటే పైసా అక్కర్లేదు సరే, అది ఎలా రాశారో చదివి మార్చుకునే హక్కు కూడా అందరికీ ఉంది. ఒకసారి దింపుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తుంది.

ఎడమ పక్క జాబితాలోంచి ఉనో బోర్డునూ, ఎర్ర ఎల్‌ఈడీ దీపాన్నీ, 220 ఓముల రెసిస్టరునూ మధ్యకు లాగండి. 13వ పిన్ను నుంచి రెసిస్టరుకు, అక్కడి నుంచి దీపానికి, దీపం నుంచి గ్రౌండుకు తీగ కలపండి. ఇక ప్రోగ్రాము. ఆర్డువినో వాళ్ళ ఉచిత సాఫ్ట్‌వేర్లో 13ను వెలిగించు, 1000 మిల్లీసెకన్లు ఆగు, ఆర్పు, మళ్ళీ 1000 ఆగు అని రాసి, స్కెచ్ మెనూలో ఎక్స్‌పోర్ట్ నొక్కితే ఒక హెక్స్ ఫైలు వస్తుంది. సిమ్యులేటర్లోని బోర్డు మీద మౌసు కుడి మీట నొక్కి ఆ ఫైలును ఎక్కించి, స్విచ్చి వేయండి. దీపం కొట్టుకుంటుంది.

ఇక్కడే పిల్లల చేత లెక్క వేయించండి. పిన్ను ఇచ్చేది 5 వోల్టులు, ఎర్ర దీపం తినేది సుమారు 2. మిగిలిన 3ను 220తో భాగిస్తే దాదాపు 14 మిల్లీ ఆంపియర్లు. ఒక పిన్ను మీద 20 దాటకుండా చూసుకోవాలి కనుక క్షేమమే. రెసిస్టరు 1000 ఓములైతే 3 మిల్లీ ఆంపియర్లే, దీపం మసకబారుతుంది. ఈ జమాఖర్చు తెలిసిన పిల్లవాడు రేపు నిజం బోర్డును కాల్చడు.

మరో లాభం మేము అనుకోనిది. ప్రోగ్రాములో రెండు ఏటవాలు గీతలు గీసి, ఆ వరుసలో ఆపైన ఏం రాసినా యంత్రం పట్టించుకోదు. అది మనుషుల కోసం రాసుకునే మాట, తెలుగు లిపిలోనూ రాయొచ్చు. మా మేనకోడలు బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుతుంది. తెలుగు మాట్లాడుతుందే గాని అక్షరాలు రావు. ఇంట్లో తెలుగు చదువు తనతోనే ఆగిపోతుందని మా చెల్లెలికి దిగులు. పలకా బలపంతో కుదరనిది ఇక్కడ కుదిరింది. ప్రతి ఆజ్ఞ పక్కనా అది ఏం చేస్తుందో తెలుగులో రాయాలని షరతు పెట్టాను. "మామయ్యా, 'ఆర్పు'లో రకు ప వత్తు ఎలా తెప్పించాలి?" అని ఫోను వచ్చిన రోజు మా చెల్లెలు నాకంటే ఎక్కువ సంతోషించింది.

సిమ్యులేటర్లో రానివి కొన్ని ఉన్నాయి సుమా. తీగ వదులైతే ఏమవుతుందో, వేడెక్కిన చిప్పు వేలికి ఎలా తగులుతుందో అది చెప్పలేదు. అందుకని నాలుగైదు ప్రోగ్రాములు తడబడకుండా నడిచాక ఒక బోర్డు, బ్రెడ్‌బోర్డు, కొన్ని రెసిస్టర్లు, దీపాలు కొనండి. ఆర్డువినో బోర్డు నమూనా కూడా ఓపెన్ సోర్సే కనుక తక్కువ ధరకు వేరేవాళ్ళు చేసినవీ దొరుకుతాయి.

బటన్ను కలపడం వచ్చే సంచికలో.