హాజరు పట్టీలో చేరని తల్లి

రాయ్‌పూర్ జిల్లా ధర్సీవా ప్రాంతంలోని సిల్తరా, ఛత్తీస్‌గఢ్‌లో స్పాంజ్ ఐరన్ తయారీకి ముఖ్యకేంద్రం. ఇనుప ఖనిజాన్ని కరిగించకుండానే బొగ్గుతోపాటు తిరిగే కొలిమిలో వేడిచేసి, అందులోని ఆక్సిజన్‌ను తొలగించగా మిగిలే ఇనుమును స్పాంజ్ ఐరన్ అంటారు. వరిపొలాల నడుమ ఇటువంటి పారిశ్రామికవాడలు వెలసినప్పుడు, పొలం పని తగ్గిన కుటుంబంలోని స్త్రీకి, ఆమె బిడ్డకు ఏ స్థానం దక్కిందన్నదే ఆ అభివృద్ధికి అసలు కొలమానం. ఈ ప్రాంతంలో కూలి స్త్రీని 'రేజా' అంటారు; ఆ మాట ఆమె చేసే చాకిరీని చెబుతుందే తప్ప ఆమె హక్కును చెప్పదు.

మన దేశంలో కార్మిక చట్టాలు బాలల వయసుతోనే మొదలయ్యాయి. 1881 నాటి ఫ్యాక్టరీల చట్టం ఏడేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోరాదని, 12 ఏళ్ల లోపువారితో రోజుకు 9 గంటలకు మించి పని చేయించరాదని నిర్దేశించగా, 1891 చట్టం కనీస వయసును తొమ్మిదేళ్లకు పెంచి, స్త్రీల పనిని 11 గంటలకు పరిమితం చేసింది. 1929 నిబంధనలు గనుల భూగర్భం నుంచి స్త్రీలను క్రమంగా తప్పించాయి. అయితే యుద్ధానికి బొగ్గు అవసరమైన 1943లో వారిని మళ్లీ దించి, 1946లో తిరిగి నిషేధించారు. రక్షణకు హద్దులు గీసింది స్త్రీ క్షేమం కాదనీ, పరిశ్రమ అవసరమనీ ఈ క్రమం తేటతెల్లం చేస్తోంది. ప్రమాదం నుంచి తప్పించిన చట్టం, పోయిన కూలికి బదులు మాత్రం చూపలేదు.

ఈ లోపాన్ని దల్లీ రాజహరా ఇనుప గనుల కార్మికులు గుర్తించారు. శంకర్ గుహా నియోగి నాయకత్వంలో 1977లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్‌లో కాంట్రాక్టు కూలీలైన స్త్రీలు పెద్దసంఖ్యలో చేరారు. ఆ ఏడాది జూన్‌లో జరిగిన పోలీసు కాల్పుల్లో మరణించినవారిలో ఒక మహిళా కార్మికురాలు కూడా ఉంది. పూర్తి యాంత్రీకరణ వస్తే ముందు పోయేది స్త్రీల పనేనని గ్రహించిన సంఘం, మనుషుల పనిని మిగిల్చే పాక్షిక యాంత్రీకరణను ప్రత్యామ్నాయంగా ప్రతిపాదించింది.

తల్లి కూలి అనిశ్చితమైన చోట బిడ్డ చేతులు పనికి అలవాటు పడతాయి. 2020 ఏప్రిల్‌లో, ములుగు ప్రాంతపు మిరప తోటల్లో కోతకు వచ్చి, లాక్‌డౌన్‌లో కాలినడకన స్వగ్రామానికి బయలుదేరిన ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్‌కు చెందిన 12 ఏళ్ల బాలిక దారిలోనే ప్రాణం విడిచింది. 1986 బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ 14 ఏళ్ల లోపువారి పనిని నిషేధించినా, బడి వేళల తర్వాత కుటుంబ వృత్తిలో సాయాన్ని మినహాయించింది. బడిలో లేని ప్రతి బిడ్డనూ బాలకార్మికుల్లో భాగంగానే చూడాలన్న రంగారెడ్డి జిల్లా ఎం.వి. ఫౌండేషన్ సూత్రం ఈ మినహాయింపు కంటే ఎంతో నిజాయితీగలది.

పనివేళల్లో పసిపిల్లలను చూసుకునే గదిని క్రెష్ అంటారు. 30 మందికి పైగా స్త్రీలుంటేనే అది తప్పనిసరన్న పాత నిబంధన, స్త్రీల సంఖ్యను తక్కువగా చూపేందుకు యజమానికి కారణమైంది. కొత్త కార్మిక స్మృతి స్త్రీ పురుషులను కలిపి 50 మందికి మించితే క్రెష్ ఉండాలనడం మేలైన మార్పే. కానీ కాంట్రాక్టు కార్మికుల రక్షణ వర్తించే పరిమితిని అదే స్మృతి 20 నుంచి 50కి పెంచింది. ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకున్నట్టయింది. గుత్తేదారు ఎవరైనా, ఆవరణలో పనిచేసే ప్రతి స్త్రీ పేరూ ప్రధాన యజమాని హాజరు పట్టీలో ఉండితీరాలి. తల్లి పేరు అక్కడ నమోదై, కూలి ఆమె ఖాతాలో పడిన నాడే బిడ్డ పేరు బడి రిజిస్టరులో నిలుస్తుంది.