నీటి వెంట రావాల్సిన నెట్‌.. అడవి అంచున ఆగింది
ఐటీ మంత్రుల పనితీరుకు మన్యమే గీటురాయి

భద్రాచలం: ఐటీ శాఖ మంత్రి అనగానే జనానికి గుర్తుకొచ్చేవి హైదరాబాద్‌లోని అద్దాల మేడలు. ఆ శాఖ సాధించిందేమిటో తేల్చాల్సింది మాత్రం ఛత్తీస్‌గఢ్‌ సరిహద్దున ఉన్న చర్ల, దుమ్ముగూడెం మండలాల గూడేలు. సిగ్నల్‌ కోసం గుట్ట ఎక్కడం ఇక్కడి గిరిజనానికి కొత్త కాదు. తెలంగాణ తొలి ఐటీ మంత్రి కల్వకుంట్ల తారక రామారావు ప్రస్థానాన్ని ఈ అడవి అంచు నుంచి చూస్తే రాజధానిలో కనిపించని మరో చిత్రం గోచరిస్తుంది.

ఎదుగుదల వేగం

అమెరికాలో ప్రైవేటు ఉద్యోగం చేసిన కేటీఆర్‌ 2006లో దానిని వదిలి తెలంగాణ ఉద్యమంలోకి వచ్చారు. 2009లో సిరిసిల్ల నుంచి కేవలం 171 ఓట్ల ఆధిక్యంతో శాసనసభలో అడుగుపెట్టారు. 2014 జూన్‌ 2న రాష్ట్రం ఏర్పడిన రోజే మంత్రిగా ప్రమాణం చేశారు. 2015 నవంబరులో టీ-హబ్‌ ప్రారంభమైంది. 2013-14లో రూ.57,258 కోట్లుగా ఉన్న రాష్ట్ర ఐటీ ఎగుమతులు 2022-23 నాటికి రూ.2,41,275 కోట్లకు చేరాయి. 2018 ఎన్నికల అనంతరం కొంతకాలం మంత్రివర్గానికి దూరంగా ఉన్నా, 2019 సెప్టెంబరులో తిరిగి అదే శాఖను చేపట్టారు. నగరం వరకు చూస్తే ఈ లెక్కలను కాదనలేం.

ఒకే చేతిలో రెండు శాఖలు

2014లో కేటీఆర్‌కు ఐటీతో పాటు పంచాయతీరాజ్‌ శాఖనూ అప్పగించారు. పల్లెకు ఇదే కీలకం. ఇంటింటికీ తాగునీరిచ్చే పథకం, తర్వాత మిషన్‌ భగీరథగా పేరుపొందినది, ఆ శాఖ పరిధిలోనే రూపుదిద్దుకుంది. నీటి గొట్టం కోసం తవ్వే కాలువలోనే ఇంటర్నెట్‌ తీగకూ గొట్టం వేస్తే ఖర్చు తగ్గుతుందన్న ఆలోచన నుంచి టీ-ఫైబర్‌ పుట్టింది. రెండు శాఖలూ ఒకే మంత్రి వద్ద ఉండటం వల్లే ఈ ఆలోచనకు దారి సుగమమైంది. 2016 ఏప్రిల్‌లో పంచాయతీరాజ్‌ శాఖ జూపల్లి కృష్ణారావుకు వెళ్లింది. కేటీఆర్‌కు పరిశ్రమల శాఖ వచ్చింది. పల్లె బాధ్యత ఒకరిది, నెట్‌ బాధ్యత మరొకరిది అయింది.

సరిహద్దు అవతల ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే కలయిక కనిపించడం గమనార్హం. 2014లో భద్రాచలం పరిసర మండలాలు ఆ రాష్ట్రంలో కలిశాయి. 2017 ఏప్రిల్‌ నుంచి 2019 వరకు నారా లోకేశ్‌ అక్కడ ఐటీ, పంచాయతీరాజ్‌ శాఖలు రెండింటినీ చూశారు. తెలంగాణ తీగను భూమిలో పూడ్చాలనుకుంటే, ఆంధ్రప్రదేశ్‌ కరెంటు స్తంభాల మీదుగా లాగింది. స్తంభాల దారి త్వరగా పూర్తవుతుంది. అయితే గాలివానకు స్తంభం ఒరిగితే వెలుగుతో పాటు నెట్‌ కూడా పోతుంది. పూడ్చిన తీగకు ఆ భయం తక్కువ కానీ పని ఆలస్యమవుతుంది, అడవిలో అనుమతుల చిక్కూ తోడవుతుంది.

ఒకే ఏడాది, రెండు దృశ్యాలు

కరోనా కారణంగా 2020 సెప్టెంబరు 1 నుంచి రాష్ట్రంలో టీవీ, ఆన్‌లైన్‌ పాఠాలు మొదలయ్యాయి. సిగ్నల్‌ లేని గూడెంలో ఫోను ఉన్న విద్యార్థికీ ఆన్‌లైన్‌ పాఠం అందని ద్రాక్షే అయింది. అదే ఏడాది డిసెంబరు 7న ఖమ్మం నగరంలో ఐటీ హబ్‌ను కేటీఆర్‌ ప్రారంభించారు. జిల్లా యువతకు సొంత ఊరికి దగ్గరలో కొలువులు దక్కడం హర్షణీయమే. ఆ వెలుగు గోదావరి దాటి మన్యానికి చేరకపోవడమే ఇక్కడి ఆవేదన.

ఇది చదువుతో ఆగే సమస్య కాదు. రేషన్‌ దుకాణంలో వేలిముద్ర పడాలన్నా నెట్‌ కావాలి. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి నుంచి యాప్‌ ద్వారా ఫొటోల హాజరు తప్పనిసరి చేసినప్పుడు, తీసిన ఫొటోను సిగ్నల్‌ ఉన్నచోటికి వచ్చి పంపితేగానీ కూలీ లెక్కలోకి రాలేదు. 2022 జులై 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక స్థాయి 53 అడుగులే. అలాంటి వేళ హెచ్చరిక సమాచారం అందడం, అందకపోవడం ప్రాణాలతో ముడిపడిన విషయం.

తాళం ఎవరి వద్ద?

లోపమంతా ఒక్క మంత్రిపై మోపడం సబబు కాదు. సెల్‌టవర్ల వ్యవహారం కేంద్రానిది. నక్సల్స్‌ ప్రభావిత ప్రాంతాల్లో 2,199 చోట్ల టవర్లకు 2014 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. వాటిలో అందిన సేవ ప్రధానంగా 2జీ. 2,343 చోట్ల దానిని 4జీగా మార్చేందుకు రూ.2,426 కోట్లు మంజూరయ్యేసరికి 2022 ఏప్రిల్‌ వచ్చింది. ఇక అడవిలో తవ్వాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి.

దీనికి చట్టంలోనే మార్గం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ సిఫార్సు చేస్తే, ప్రభుత్వం నిర్వహించే విద్యుత్‌, టెలికాం తీగల వంటి 13 రకాల సౌకర్యాలకు ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీ భూమిని వాడుకోవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టరాదు. సన్నని గొట్టం పూడ్చేందుకు ఇది సరిపోయే వెసులుబాటే. గ్రామసభ, అటవీశాఖ, ఐటీడీఏ, ఐటీ శాఖలను ఒక్కచోట కూర్చోబెట్టే చొరవే కొరవడింది.

2023 డిసెంబరు 7న ప్రభుత్వం మారి, ఐటీ శాఖ దుద్దిళ్ల శ్రీధర్‌బాబుకు దక్కింది. గోదావరి తీరంలోని మంథని ఆయన నియోజకవర్గం. ఆయన తండ్రి, మాజీ స్పీకర్‌ శ్రీపాదరావును 1999లో నక్సలైట్లు కాల్చిచంపారు. అడవి అంచు బతుకు ఆయనకు ఒకరు చెప్పాల్సింది కాదు. 2024 డిసెంబరులో టీ-ఫైబర్‌ ప్రయోగాత్మకంగా ఇళ్లకు చేరడం మొదలైంది. తొలి గ్రామాల్లో మంథని నియోజకవర్గంలోని అడవి శ్రీరాంపూర్‌ ఉంది. ఉమ్మడి ఖమ్మం జిల్లాకు ఆ జాబితాలో చోటు దక్కలేదు.

పథకం ఆలోచనకు, తొలి ఇంటి కనెక్షన్‌కు మధ్య రెండు ప్రభుత్వాల కాలం గడిచింది. ఎగుమతుల అంకెలు మంత్రుల ప్రస్థానానికి మెరుగులు దిద్దుతాయి. చర్ల అడవిలోని గూడెంలో బాలిక గుట్ట ఎక్కకుండా పాఠం వినగలిగిన నాడే ఆ శాఖ లక్ష్యం నెరవేరినట్లు.